నిర్వహిత క్లౌడ్ డేటాబేసు: పరీక్షలయందును ప్రయోగ పథకములయందును దాని వినియోగము

యంత్రమును కొని, దానిపై డేటాబేసు సాఫ్ట్‌వేరును స్థాపించి, దినదినము దాని క్షేమమును విచారించు భారము వినియోగదారునిపై నుండక, సేవాసంస్థయే ఆ భారమునంతను వహించి, తన కేంద్రములలోని యంత్రములపై డేటాబేసును నడపుచు, అంతర్జాలము ద్వారా దానిని వాడుకకిచ్చి, వాడిన కాలమునకును ఆక్రమించిన స్థలమునకును అద్దె గ్రహించు పద్ధతికి నిర్వహిత క్లౌడ్ డేటాబేసు అని వ్యవహారము. అహోరాత్రములు నడచు వ్యాపార వ్యవస్థల నిమిత్తమే యీ సేవ పుట్టినదైనను, దానివలన మిక్కిలి మేలు పొందినవారిలో సాఫ్ట్‌వేరును పరీక్షించువారును, క్రొత్త ఆలోచనను చిన్నరూపమున కట్టి చూచువారును, ఇంజనీరింగు చదువులో భాగముగా ప్రాజెక్టు చేయు విద్యార్థులును ముఖ్యులు. శాశ్వతముగా నడువవలసిన డేటాబేసునకు దీర్ఘాయువు ప్రధానమైన గుణము. పరీక్షకై నెలకొల్పిన డేటాబేసు విషయమున అట్లు కాదు. అది అడిగిన వెంటనే పుట్టవలెను, అసలు వ్యవస్థను పోలియుండవలెను, పని ముగిసినంతనే జాడ మిగులకుండ తొలగిపోవలెను. ఇందు మొదటి యక్కరను సేవాసంస్థలు చక్కగా తీర్చినవి. రెండవది చాలవరకు వినియోగదారుని వివేకముపై ఆధారపడియున్నది. మూడవదానిని జనులు తరచు మరచుచున్నారు. నష్టములలో పెక్కు ఆ మరపునుండియే కలుగుచున్నవి.

ఉత్పత్తి

డేటాబేసుల చరిత్రలో ఈ సేవ మిక్కిలి అర్వాచీనము. ఐబీఎం సంస్థకు చెందిన సాన్ హోసే పరిశోధనాలయమున ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల సంబంధములపై ఆధారపడిన నమూనాను ప్రకటించెను. ఆ దశాబ్దములోనే అదే పరిశోధనాలయమున సిస్టమ్ ఆర్ అను వ్యవస్థయు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఇంగ్రెస్ అను వ్యవస్థయు ప్రయోగాత్మకముగా నిర్మింపబడినవి. ఇంగ్రెస్ నిర్మాతలలో ముఖ్యుడగు మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో చేపట్టిన పోస్ట్‌గ్రెస్ అను పథకమే పదేండ్ల పిమ్మట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేర లోకమునకు పరిచితమయ్యెను. స్వీడనునందు 1995లో మైఎస్‌క్యూఎల్ వెలువడెను. మూలము బహిరంగముగా నుండి, లైసెన్సు రుసుము చెల్లింపనక్కరలేని యీ రెండు డేటాబేసులే లేకున్నచో, స్వల్పమూల్యమునకో ఉచితముగనో డేటాబేసును అద్దెకిచ్చు సేవ ఇంతగా వ్యాపించియుండెడిది కాదని చెప్పవచ్చును.

అమెజాన్ సంస్థ 2006లో నిల్వస్థలమును, గణనయంత్రములను గంటల లెక్కన అద్దెకిచ్చుట ప్రారంభించినప్పటికిని, డేటాబేసు కావలసినవారు ఆ అద్దెయంత్రముపై దానిని తామే స్థాపించుకొని, తామే కాపాడుకొనవలసి యుండెను. 2009 అక్టోబరులో ఆ సంస్థ మైఎస్‌క్యూఎల్‌తో ఆర్‌డీఎస్ అను సేవను తెరచుటతో ఆ శ్రమకు విముక్తి కలిగెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎస్‌క్యూఎల్ అజూర్ అను సేవను, 2011లో గూగుల్ సంస్థ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌ను వెలువరించినవి. 2013 నవంబరులో ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్ చేరెను. పట్టికలకు మారుగా పత్రరూపమున దత్తాంశమును దాచు మోంగోడీబీకి అట్లాస్ అను నిర్వహితరూపము 2016లో ఏర్పడెను. ఇవి యెల్ల పెద్ద సంస్థల ప్రయత్నములు కాగా, సాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో స్థాపితమైన హెరోకు అను చిన్న సంస్థ, ఒక్క ఆజ్ఞతో ప్రోగ్రామును దానికి కావలసిన పోస్ట్‌గ్రెస్‌ను కూడ నిలబెట్టు సదుపాయమును కల్పించి, ఒంటరిగా పనిచేయు నిర్మాతలకును, నేర్చుకొనువారికిని ప్రీతిపాత్రమయ్యెను.

తెలుగువారికి సమీపమున ఈ సేవలు వెలసినది ఇటీవలి కాలమున. అమెజాన్ సంస్థ ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022 నవంబరులోను తన క్లౌడు ప్రాంతములను తెరచెను. ఒరాకిల్ సంస్థ 2020లోనే హైదరాబాదున ఒక ప్రాంతమును నెలకొల్పెను. ఈ సామీప్యము సౌకర్యమునకు మాత్రమే సంబంధించినది కాదు, పరీక్షాఫలితములను నేరుగా మార్చునట్టిది. హైదరాబాదులో కూర్చుండి ఖాతా తెరచినవాడు ప్రాంతమును మార్చుట మరచి అమెరికాలోని వర్జీనియానే ఉంచుకొన్నచో, అతని యంత్రమునుండి పోవు ప్రతి ప్రశ్నకును రానుపోను సుమారు 200 మిల్లీసెకండ్లు పట్టును. ఒక పుటను చూపుటకు ముప్పది ప్రశ్నలు ఒకదాని వెనుక నొకటి పోవలసియున్నచో, డేటాబేసు క్షణమైనను ఆలోచింపకున్నను, దారిలోనే ఆరు సెకండ్లు గడచిపోవును. తన ల్యాప్‌టాప్‌లోనే డేటాబేసును నడుపుకొనునప్పుడు ఆ ముప్పది ప్రశ్నలును కనురెప్పపాటులో ముగిసినవి కావున, ప్రోగ్రాములోని దోషము, అనగా ఒక్క ప్రశ్నలో అడుగదగినదానిని ముప్పది ప్రశ్నలుగా విడదీసి అడుగుట, అతనికి గోచరింపలేదు. దూరపు డేటాబేసు ఆ దోషమును బయటపెట్టినది. అందుచే డేటాబేసు మందకొడిగా నున్నదని నిందించుటకు ముందు, అది యే ప్రాంతమున నున్నదో, ఒక్కొక్క పుటకు ఎన్ని ప్రశ్నలు పోవుచున్నవో చూచుకొనుట పరీక్షకుని ప్రథమ కర్తవ్యము.

సేవాసంస్థ వహించు భారము

ఆర్‌డీఎస్‌ను నిదర్శనముగా గైకొన్నచో, వినియోగదారు డేటాబేసు రకమును, దాని సంచికను, యంత్ర పరిమాణమును, నిల్వను, ప్రాంతమును తెలిపి మీట నొక్కిన కొలది నిమిషములలో ఒక చిరునామా లభించును. ప్రోగ్రామును ఆ చిరునామాతో కలిపిన చాలును. చిన్న చిన్న లోపములకు విడుదలయగు సవరణలను సంస్థయే చేర్చును. 1 మొదలు 35 దినముల వరకు బ్యాకప్పులను నిలువజేయును. ఆ గడువులోని యే క్షణమునకైనను, సాధారణముగా గడచిన ఐదు నిమిషములకు పూర్వపు స్థితి వరకును, ఆనాటి దత్తాంశముతో వేరొక డేటాబేసును లేపి యిచ్చును. యంత్రము చెడినయెడల దానిని మార్చు భారమును సంస్థదే.

ఈ సౌఖ్యమునకు ప్రతిగా వినియోగదారు కొంత అధికారమును వదలుకొనవలసి వచ్చును. పోస్ట్‌గ్రెస్‌లోని సూపర్‌యూజర్ హోదా ఆర్‌డీఎస్‌లో ఎవరికిని లభింపదు. ఆపరేటింగ్ సిస్టములోనికి ప్రవేశము లేదు. ఎక్స్‌టెన్షన్లలో సంస్థ అంగీకరించిన జాబితాలోనివే పనిచేయును. ల్యాప్‌టాప్‌లో నిత్యము వాడుకొనుచున్న ఆజ్ఞ యొకటి, ఉదాహరణకు సర్వరులోని ఒక ఫైలును నేరుగా పట్టికలోనికి ఎక్కించునట్టిది, ఇచ్చట నిరాకరింపబడును. ఆ ఫైలును తన యంత్రమునుండి పంపు వేరొక మార్గమును అవలంబింపవలసియుండును. తుదకు నిర్వహిత సేవపైననే నడువబోవు ప్రోగ్రామునకు ఇట్టి నిరాకరణలు ఆరంభమునందే ఎదురగుట మిక్కిలి మేలు. ప్రారంభోత్సవమునకు ముందు రాత్రి అవి ఎదురైనచో కలుగు కష్టము ఆ పని చేసినవారికే తెలియును.

సాదృశ్యము

పరీక్షకై వాడు డేటాబేసు అసలుదానిని ఎంతవరకు పోలియుండవలెనను ప్రశ్నకు తెలుగు పేరు ఒకటి చక్కని సమాధానము చెప్పును. ఒక ప్రోగ్రాములో వ్యక్తి పేరునకు 20 అక్షరముల గడి కేటాయింపబడినదనుకొందము. వేంకటేశ్వర్లు అను పేరు కంటికి ఐదక్షరములుగా కనబడును. కాని యూనికోడులో వకారము, ఏత్వము, సున్న మొదలుగా విడివిడిగా లెక్కించినచో దానియందు 13 సంకేతములున్నవి. తెలుగు సంకేతము ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లను ఆక్రమించును గనుక ఆ పేరు మొత్తము 39 బైట్లగును. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లు గడి కొలతను సంకేతముల లెక్కన గ్రహించును. కావున వానిలో ఆ పేరు సుఖముగా నిముడును. ఒరాకిల్ డేటాబేసు, ప్రత్యేకముగా చెప్పనియెడల, ఆ కొలతను బైట్ల లెక్కన గ్రహించును; కావున అందు ఆ పేరు పట్టక దోషము వెలువడును. చిన్న పరీక్షలకు పెక్కుమంది వాడు ఎస్‌క్యూలైట్ గడి కొలతను గణింపనే గణింపదు. ఎంత పొడవైన పేరునైనను మారుమాటాడక స్వీకరించును. ఇంగ్లీషు లిపిలో వ్రాసిన ఇదే పేరు 13 బైట్లు మాత్రమే యగుటచే నాలుగింటను ఇమిడిపోవును. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించినవానికి ఏ దోషమును కనబడదు. ఒకే ప్రోగ్రాము, ఒకే పేరు, నాలుగు డేటాబేసులు, మూడు విధముల ప్రవర్తనము. అసలు వ్యవస్థ ఒరాకిల్‌పై నడచుచుండగా ఎస్‌క్యూలైట్‌పై వేయి పరీక్షలు నెగ్గినను, మొట్టమొదటి వేంకటేశ్వర్లు నమోదుకు వచ్చిననాడు ఆ నెగ్గుటకు విలువ యుండదు.

ఇట్టిదే మరియొకటి. తెలుగులో పొల్లును విడదీసి చూపుటకు కీబోర్డులు కంటికి కనబడని ఒక సంకేతమును చొప్పించును. రాజ్‌కుమార్ అను పేరును ఒకరు ఆ సంకేతముతోను, వేరొకరు అది లేకయు టైపు చేసినచో, పోస్ట్‌గ్రెస్ సాధారణస్థితిలో సమత్వమును బైట్లనుబట్టియే నిర్ణయించుటచే, ఆ రెండును వేర్వేరు పేర్లుగా పరిగణింపబడి, వెదకినవానికి మనిషి దొరకడు. తెలుగునాట వాడబడు ఏ ప్రోగ్రామునకైనను పరీక్షాదత్తాంశమున ఇట్టి పేర్లను తప్పక చేర్చుడని యీ వ్యాసకర్త గట్టిగా కోరుచున్నాడు.

అట్లని ప్రతి చిన్న పరీక్షకును క్లౌడు డేటాబేసు అక్కరలేదు. ప్రోగ్రాములోని ఒక చిన్నభాగము సరిగా పనిచేయుచున్నదా యని నిమిష నిమిషమునకు చూచుకొను పనికి, 2013లో వెలువడిన డాకర్ వంటి పనిముట్టుతో ల్యాప్‌టాప్‌లోనే అసలు సంచిక గల పోస్ట్‌గ్రెస్‌ను లేపి, పరీక్ష ముగిసినంతనే కూల్చివేయుట వేగమునకును, వ్యయమునకును, నెమ్మదికిని మంచిది. ఇంటర్నెట్టు లేనిచోటను అది నడచును. నిర్వహిత డేటాబేసు నిజముగా ఉపకరించు సందర్భములు వేరు. బయటి అనుమతులు, గూఢలేఖనముతో కూడిన సంబంధము, దూరమువలని జాప్యము మొదలగునవి పరీక్షింపవలసినప్పుడును, పలువురు ఒకే దత్తాంశముపై పనిచేయునప్పుడును, లక్షల వరుసలున్న పట్టిక రూపమును మార్చుటకు పూర్వము ఒకమారు అభ్యసించి చూడవలసినప్పుడును, బ్యాకప్పునుండి కోలుకొనుటను సాధన చేయవలసినప్పుడును అదియే తగినది.

వీనిలో పట్టిక రూపమును మార్చుటను అభ్యసించు విషయమున ఇటీవల గొప్ప సౌకర్యము ఏర్పడెను. పూర్వము అసలు డేటాబేసునకు నకలు తీయుటయన్నచో, దత్తాంశమునంతను వేరొక తావునకు చేరవేయుటయే. పెద్ద డేటాబేసునకు గంటలు పట్టెడిది, నిల్వకు రెట్టింపు వ్యయమయ్యెడిది. అమెజాన్ వారి ఆరోరా 2017లో ప్రవేశపెట్టిన నకలు పద్ధతిలోను, 2021లో స్థాపితమైన నియాన్ అను సంస్థ పోస్ట్‌గ్రెస్‌కు కల్పించిన శాఖల పద్ధతిలోను, నకలు తీసిన క్షణమున దత్తాంశమేమియు కదలదు. మూలమును నకలును ఒకే నిల్వను చూచుచుండును. ఏ పక్షమున నిల్వలోని ఏ దత్తాంశపు పుట మారినను, మారిన ఆ పుట మాత్రమే వేరుగా వ్రాయబడును. అందుచే ఎంత పెద్ద డేటాబేసునకైనను స్వల్పకాలములో నకలు సిద్ధమగుచున్నది. దానిపై మార్పును నడపి, ఎంతసేపు పట్టినదో, ఆ కాలమున పట్టికకు తాళము పడినదో లేదో చూచి, నకలును తొలగింపవచ్చును. ఒక్కొక్క ప్రోగ్రామరు ఒక్కొక్క శాఖను పుట్టించుకొని, తన మార్పు ముఖ్యభాగమున కలిసినంతనే శాఖను తొలగించు ఆచారము దీనివలన సాధ్యమైనది. ప్రయోగములకై రూపొందిన డేటాబేసు సదుపాయములలో దీనినే ఉత్తమముగా నెంచవలెను.

కోలుకొనుటను సాధన చేయుట ఎంత యవసరమో తెలుపుటకు గిట్‌ల్యాబ్ సంస్థ వృత్తాంతమును మించిన నిదర్శనము లేదు. ఆ సంస్థ పోస్ట్‌గ్రెస్‌ను నిర్వహిత సేవపై గాక, తానే నడుపుకొనుచుండెడిది. 2017 జనవరి 31వ తేదీన ద్వితీయ సర్వరు ప్రధాన సర్వరుతో సమముగా నడువక వెనుకబడగా, దానిని సరిచేయబూనిన ఇంజనీరు తాను ద్వితీయ సర్వరుపై నున్నట్లు తలచి, ప్రధాన సర్వరులోని దత్తాంశపు డైరెక్టరీని తొలగించు ఆజ్ఞ నిచ్చెను. తప్పు తెలిసి ఆపునప్పటికే సుమారు 300 గిగాబైట్లు పోయెను. బ్యాకప్పులున్నవిగదా యని చూడగా, డేటాబేసు 9.6వ సంచికది కాగా బ్యాకప్పు పనిముట్టు 9.2వ సంచికతో నడచుచుండుటచే అది విఫలమగుచుండెననియు, ఆ వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు తిరస్కరింపబడుచుండుటచే ఎవరికిని ఆ సంగతి తెలియరాలేదనియు బయటపడెను. తుదకు వారిని గట్టెక్కించినది, ఆ ప్రమాదమునకు సుమారు ఆరు గంటల ముందు, పరీక్షాస్థలమునకు తాజా దత్తాంశము కావలెనని ఒకరు స్వయముగా తీసియుంచిన ప్రతియే. సేవ మరల నిలదొక్కుకొనుటకు దాదాపు 18 గంటలు పట్టెను; ఆరు గంటల కాలములో డేటాబేసున జరిగిన మార్పులు నశించినవి. సంస్థ ఈ వృత్తాంతమును దాచక లోకమునకు సవిస్తరముగా ప్రకటించుట ప్రశంసనీయము. నిర్వహిత సేవలో బ్యాకప్పు తీయుట తప్పకుండ జరుగుననుకొన్నను, దానినుండి వేరొక డేటాబేసును లేపి, వరుసలను లెక్కించి, ప్రోగ్రామును దానికి కలిపి చూచినగాని ఆ బ్యాకప్పు పనికివచ్చునని చెప్పరాదు. మూడు నెలలకొకసారి యిట్టి సాధన చేయుటకు అగు వ్యయము కొలది గంటల అద్దె మాత్రమే.

ఉచిత సేవలు

ప్రయోగ పథకములకు జనులు ముందుగా వెదకునవి ఉచిత సేవలు. అమెజాన్ సంస్థ 2010 నవంబరునుండి క్రొత్త ఖాతాదారులకు ఒక సంవత్సరము కొన్ని సేవలను ఉచితముగా నిచ్చుచుండెను. తరువాతి కాలమున ఆర్‌డీఎస్‌లో అతి చిన్న యంత్రమునకు నెలకు 750 గంటలు, 20 గిగాబైట్ల నిల్వ అందు చేరెను. 31 దినముల నెలలో 744 గంటలే యుండుటచే ఒక యంత్రము నెల పొడవున నడచినను పైకము పడదు. రెండు యంత్రములను ఒకేమారు నడపినచో నెల సగము గడవగనే బిల్లు ప్రారంభమగును. ఈ చిన్న లెక్క తెలియక బిల్లు చూచి చకితులైన విద్యార్థులు పెక్కుమంది. 2025 జులై 15 తరువాత తెరచిన ఖాతాలకు ఆ పద్ధతి మారి, 200 డాలర్ల వరకు వాడుకొనదగిన జమయు, ఆరు నెలల గడువుతో ఉచిత పథకమును ఏర్పడినవి.

ఒరాకిల్ సంస్థ 2019 సెప్టెంబరులో, గడువు లేని ఉచిత సేవయని ప్రకటించి, ఒక్కొక్కటి 20 గిగాబైట్ల పరిమాణము గల రెండు డేటాబేసుల నొసగెను. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో నెలకు ఒక లక్ష వీకోర్-సెకండ్ల (వీకోర్ అనగా ఒక ప్రాసెసరు భాగము) గణనకాలమును, 32 గిగాబైట్ల నిల్వయు ఉచితములు. ఒక వీకోరు లెక్కన ఆ కాలము 28 గంటలకు లోబడియే యున్నను, పని లేనప్పుడు డేటాబేసు తనంతట తాను నిద్రించుటచే చిన్న పథకమునకు అది చాలును. అట్లాస్‌లో ఉచిత పరిమితి 512 మెగాబైట్లు. సుపబేస్ అను సేవలో 500 మెగాబైట్లు, వారము దినములు ఎవరును వాడనియెడల పథకము నిలిపివేయబడును. నియాన్‌లో ఐదు నిమిషములు ప్రశ్న రానిచో డేటాబేసు నిద్రించి, తదుపరి ప్రశ్నతో మేల్కొనును. ఆ మొదటి ప్రశ్నకు పట్టు జాప్యమును ప్రోగ్రాము వేగముగా భ్రమింపరాదు. ఇవి 2025 నాటి పరిమితులు.

ఉచితమను మాటకు గడువుండును. చిన్న నిర్మాతలు ప్రాణప్రదముగా నెంచిన హెరోకు ఉచిత సేవలు, పదివేల వరుసల ఉచిత పోస్ట్‌గ్రెస్‌తో సహా, 2022 నవంబరు 28న ముగిసినవి. ప్లానెట్‌స్కేల్ సంస్థ 2024 ఏప్రిల్‌లో తన ఉచిత పథకమును ఎత్తివేసెను. ఉభయసంస్థలును ముందుగా తెలిపియే యీ పని చేసినవి. ఐనను, ఒక్క సంస్థకే చెందిన విశిష్ట సదుపాయములపై ప్రోగ్రామును అల్లుకొన్నవారికి వేరొక తావునకు తరలుట దుష్కరమయ్యెను. అందరకును సమానమైన పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌ల రూపమునకే కట్టుబడి, వారమునకొకసారి దత్తాంశపు ప్రతిని తన యంత్రమునకు దింపుకొనినవారు ఒక్క పూటలో తరలిపోగలిగిరి. విద్యార్థులకు ఇచ్చదగిన సలహా ఇదియే.

బలపరీక్ష

ఎంతమంది యొకేమారు వచ్చినను వ్యవస్థ తట్టుకొనగలదో చూచు బలపరీక్షకు ఉచితపు చిన్న యంత్రములు తగవు. ఆర్‌డీఎస్‌లో టీ3 మైక్రో అను యంత్రమునకు ఒక గిగాబైటు స్మృతియు, రెండు ప్రాసెసరు భాగములును ఉన్నను, నిలకడగా వాడదగినది ఒక్కొక్క భాగమున పదవవంతు మాత్రమే. ఊరకున్నప్పుడు కూడబెట్టిన శక్తిని పని పడినప్పుడు ఒక్కసారిగా వెచ్చించుట దాని స్వభావము. కావున పరీక్షారంభమున అది మహావేగముగా నడచినట్లు కనబడును. కూడబెట్టినది తీరినపిమ్మట సేవనుబట్టి మందగించుటయో, అదనపు రుసుము పడుటయో జరుగును. పదినిమిషముల పరీక్షతో సంతృప్తి చెందినవాడు తన ప్రోగ్రామును గాక, యంత్రము కూడబెట్టిన శక్తిని మాత్రమే కొలిచినవాడగును. డేటాబేసుతో ఒకేమారు కలుపుకొనదగిన సంబంధముల సంఖ్యయు అట్టిదే. ఆర్‌డీఎస్ మైఎస్‌క్యూఎల్‌లో ఆ సంఖ్య స్మృతిలోని బైట్లను 1,25,82,880చే భాగింపగా వచ్చునది. ఒక గిగాబైటునకు అది 85కు మించదు. అసలు వ్యవస్థకు ఎంత యంత్రమును వాడబోవుచున్నారో అంత యంత్రమునే కొలది గంటలకు అద్దెకు గొని, పోస్ట్‌గ్రెస్‌తో కూడ లభించు పీజీబెంచ్ వంటి పనిముట్టుతో గాని, తమ ప్రోగ్రాము అడుగు ప్రశ్నలతోనే గాని పరీక్షించి, వెంటనే తొలగించుట సక్రమమైన మార్గము. గంటల లెక్కన అద్దె యుండుటవలని నిజమైన లాభము ఇచ్చట కనబడును.

రహస్యములు, రక్షణ

పరీక్షకు నిజమైన దత్తాంశము కావలెనను కోరిక సహజమైనదే. కాని ప్రజల పేర్లు, ఫోను సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు, వైద్యవివరములు గల అసలు పట్టికను యథాతథముగా పరీక్షాస్థలమునకు చేర్చుట అక్షమ్యము. అసలు వ్యవస్థకు కావలియున్నట్లు పరీక్షాస్థలమునకు కావలి యుండదు. అందరకును సంకేతపదము తెలియును. పని మానిపోయినవారికిని తెలియును. భారతదేశమున 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము, తగిన రక్షణ చర్యలు తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించినది. పరీక్షకై తీసిన నకలని చెప్పుకొన్నంతమాత్రమున బాధ్యత తొలగిపోదు. కావున పేర్లను, సంఖ్యలను కల్పితములతో మార్చి, వాని పొడవును, లిపిని, పరస్పర సంబంధములను మాత్రము నిలిపి వాడవలెను. తెలుగు పేర్లకు బదులు ఇంగ్లీషు పేర్లను నింపు యాంత్రికమైన మరుగుపరపు, ముందు చెప్పిన దోషములన్నిటిని మరుగుపరచును.

తలుపులు తెరచియుంచుట మరియొక ప్రమాదము. ఇంటినుండి కలుపుకొనుట సుకరముగా నుండవలెనని, లోకమునంతటికిని ప్రవేశమిచ్చు 0.0.0.0/0 అను చిరునామాను పరీక్షా డేటాబేసునకు వ్రాసి, సంకేతపదమును ప్రోగ్రాములోనే యుంచి, ఆ ప్రోగ్రామును బహిరంగముగా ప్రకటించువారు నేటికిని కలరు. 2017 జనవరిలో, సంకేతపదము లేక అంతర్జాలమునకు తెరచియున్న మోంగోడీబీ డేటాబేసులు వేలకొలదిగా తుడిచివేయబడి, వాని స్థానమున ధనము కోరు ఉత్తరము మాత్రము మిగిలెను. తన చిరునామానొక్కదానినే అనుమతించుట రెండు నిమిషముల పని.

వ్యయము, తొలగింపు

పెండ్లి ముగిసినపిమ్మట విప్పక వదలిన పందిరికి అద్దె పెరిగినట్లే, పరీక్ష ముగిసినను తొలగింపని డేటాబేసునకు బిల్లు పెరుగుచుండును. ఇందు సూక్ష్మములు కొన్ని తెలియదగినవి. ఆర్‌డీఎస్‌లో యంత్రమును నిలిపివేసినచో ఏడు దినముల తరువాత అది తనంతట తాను మరల ప్రారంభమగును. నిలిచియున్న కాలమునను నిల్వకు అద్దె తప్పదు. పరీక్షాదత్తాంశమునకై పెంచిన నిల్వను మరల తగ్గించు వీలులేదు. చిన్నది కావలెనన్నచో వేరొక డేటాబేసును పుట్టించి దత్తాంశమును తరలింపవలసినదే. బహిరంగ చిరునామాకు 2024 ఫిబ్రవరి 1నుండి గంటల లెక్కన ప్రత్యేక రుసుము పడుచున్నది. మైఎస్‌క్యూఎల్ 5.7వ సంచికకు సాధారణ సహాయము 2024 ఫిబ్రవరి 29తో ముగియుటచే, పాత ప్రయోగములను ఆ సంచికపైననే వదలినవారికి మార్చినుండి అదనపు రుసుము మొదలయ్యెను. భారతదేశపు బిల్లుపై 18 శాతము జీఎస్టీ యును చేరును. వ్యయము ఇంతకు మించినచో తెలుపుమని హెచ్చరిక పెట్టుకొనవచ్చును, తప్పక పెట్టుకొనవలెను. కాని ఆ హెచ్చరిక కబురు తెచ్చునేగాని యంత్రమును ఆపదు.

కావున డేటాబేసును పుట్టించునప్పుడే దానికి యజమాని పేరును, తొలగింపవలసిన తేదీని చీటీగా తగిలించుట మంచి యాచారము. టెర్రాఫార్మ్ వంటి పనిముట్టుతో దాని వివరములనన్నిటిని ఒక ఫైలులో వ్రాసియుంచినచో, పుట్టించుట యెట్లు ఒక్క ఆజ్ఞయో, తొలగించుటయు అట్లే ఒక్క ఆజ్ఞ. మరల కావలసినప్పుడు అదే రూపమున లేపవచ్చునను ధైర్యముండుటచే తొలగించుటకు చేయి వెనుదీయదు. తొలగించునప్పుడు సంస్థ కడపటి ప్రతి నొకటి తీసియుంచవలెనా యని అడుగును. అవసరమున్నచో ఉంచుకొనుడు. ఐతే డేటాబేసుతోపాటు తొలగిపోవునవి సంస్థ తనంతట తాను తీసిన బ్యాకప్పులు మాత్రమే. ఆ కడపటి ప్రతియు, మధ్యమధ్య చేతితో తీసిన ప్రతులును ఖాతాలో మిగిలియుండును, వానిని వేరుగా తొలగించునంతవరకు వాని నిల్వకు అద్దె పడుచునేయుండును.